మంట రంగు

స్నానాల గదిలో గ్యాస్ గీజరును మళ్ళీ ఎవరో ఆపేశారు.

చలిగాలికి భయపడి మూసి ఉంచిన కిటికీ కూడా బార్లా తెరిచి ఉంది.

వికూన్యా ఊళ్లో అద్దెగదులు నడిపే ఒటీలియాకు చిర్రెత్తుకొచ్చింది. ఇది మొన్న దిగిన ముసలాయన పనే.

“ఏం ఎవారిస్తోగారూ, మీరు స్నానం చెయ్యరు, ఇంకొకళ్లని చెయ్యనివ్వరా?”

“మంట ఎర్రబడిందమ్మా. నీలంగా ఉండాలి.”

“ఎర్రగా ఉంటే మరీ మంచిది. నీళ్లు బాగా కాగుతాయి.”

“అందరూ అలాగే అనుకుంటారు. నక్షత్రాల్లో కూడా ఎర్రవే తక్కువ వేడి, నీలివి ఎక్కువ వేడి. ఈ మంటకి గాలి అందట్లేదు. అందుకే చల్లబడి విషవాయువు కక్కుతోంది. దానికి వాసన కూడా ఉండదు.”

రొట్టె తింటున్న యస్నా కిసుక్కున నవ్వింది. ఆ పిల్ల ఒటీలియా అక్క కూతురు. ఆ అక్క చచ్చిపోయింది. ఒటీలియాకంటూ మిగిలింది ఆ పిల్లొక్కతే.

“పిన్నీ, ఈయన నక్షత్రాల్ని ముట్టుకుని చూసొచ్చినట్టున్నాడు.”

“పొగగొట్టం బాగుచేసే మనిషిని నేనే పిలుస్తాను. అందాకా ఆ గది వాడకండి,” అన్నాడు ముసలాయన.

“నా ఇంట్లో మీ పెత్తనమేమిటి? దయచెయ్యండి.”

అన్నంత పనీ చేసింది. ఆయన సంచీ తెచ్చి వీధిలో పెట్టింది.

“పోనీ, ఆ కిటికీ ఒక్కటీ మూయకండమ్మా,” అని ఆయన గడప అవతల నిలబడి బతిమాలాడు.

ఆమె తలుపు మూసింది. వెళ్లి కిటికీ కూడా మూసింది.

సాయంత్రం యస్నా స్నానానికి వెళ్లింది. ఎంతకీ రాలేదు. పిలిస్తే పలకలేదు.

తలుపు పగలగొట్టేసరికి పిల్ల నేలమీద పడి ఉంది. బుగ్గలు ఎర్రగా, నిద్రపోతున్నట్టే ఉంది. గీజరులో మంట ఇంకా వెలుగుతూనే ఉంది.

మర్నాడు వచ్చిన ఫైరింజన్ వాళ్ల నాయకుడు గీజరు పొగగొట్టంలోంచి పిచ్చుకగూడు బయటికి లాగాడు.

“మంట రంగు మారే ఉంటుందే. ఎవరూ చూళ్లేదా?”

ఒటీలియాకు ఏడుపు కూడా రావడం లేదు. “ఒకాయన చూశాడు. నేనే గెంటేశాను. ఎవారిస్తో అని.”

అతను చేతిలో గూడు కింద పెట్టేశాడు.

“కొండమీది అబ్జర్వేటరీలో ముప్పై ఏళ్లు నక్షత్రాల రంగు చూసి వేడి లెక్కకట్టినాయన. ఒక రాత్రి ఆయన అక్కడుండగా, ఇంట్లో భార్యా కూతురూ ఇలాగే పోయారు. అప్పట్నుంచి ప్రతి చలికాలం ఊరూరా అద్దెగదుల్లో దిగి, స్నానాల గదుల్లో మంటలు చూసుకుంటూ తిరుగుతున్నాడమ్మా.”