తూర్పు మడి

పాలకుర్తి ఎరువుల దుకాణం ముందు మనుషులు నీడన కూర్చున్నారు. యూరియా కోసం వాళ్ల బదులు ఎండలో చెప్పులు వరుస కట్టాయి.

లత గయ్యిమంది.

"నా చెప్పుల ముంగట నీ చెప్పులెట్లొచ్చినయ్ అవ్వా?"

"పొద్దుగాలనే పెట్టిన బిడ్డా," నవ్వింది తండా నుంచి వచ్చిన ముసలి జమ్లీ.

నిజమే. అయినా లత కోపం తగ్గలేదు. మొదటిసారి కౌలుకు పట్టిన పొలం. వరి ఎర్రబడుతోంది. పంట రాకపోతే పట్టాదారు పొలం వెనక్కి తీసుకుంటాడు.

"ఏడ చేస్తున్నరు?" అడిగింది జమ్లీ.

"మోటబాయి కాడ."

జమ్లీ తలెత్తి లతను తేరిపార చూసింది.

యూరియా జమ్లీతోనే అయిపోయింది. లత కళ్లలో నీళ్లు తిరిగాయి.

జమ్లీ తన బస్తాను ఆమె వైపు నెట్టింది.

"తీస్కపో."

"మరి నీకు?"

"నా వరి పొట్టకొచ్చింది. ఇప్పుడేస్తే తాలు గింజలే."

"మరి లైన్లెందుకున్నవే?"

"అందరున్నరని నేనూ ఉన్న! ఒక్కటి ఇను. అంతా ఒక్కపారే చల్లకు. తూర్పు మడిల ఇంకా తక్కువ. అది ఊకెనే బలిసి పడిపోతది."

లత బస్తా ఖరీదు ఆమె చేతిలో పెట్టి, బస్తా ఆటోలో వేసుకుని వెళ్లిపోయింది.

"చేను నల్లగుంటెనే పంట," అంటూ భర్త సాయికిరణ్ అంతా ఒక్కసారే చల్లబోయాడు. లత చెయ్యి పట్టుకుని ఆపింది. పక్క పొలాలు ముదురాకుపచ్చతో నల్లగా, ఏపుగా ఎదిగాయి. లత పొలాన్ని చూసి అందరూ అయ్యో అన్నారు.

కోతల ముందు గాలివాన కొట్టింది. ఏపుగా ఎదిగినవన్నీ పడిపోయాయి, సగం తాలే మిగిలింది. లత వడ్లు మాత్రం గట్టి గింజలు. వచ్చే ఏడూ మీరే చేయండన్నాడు పట్టాదారు.

ఆ ముసలామెను తలుచుకుంటే లతకు ప్రాణం లేచొచ్చేది. కొత్త బియ్యం మూట కట్టుకుని తండాకు వెళ్లింది.

జమ్లీ కోడలు లాలి ఎదురొచ్చింది.

"అత్త లేదక్కా. కూలికి పట్నం పోయింది."

"మరి మీ వరి కోతలు?"

"ఏం వరక్కా! గుట్ట కింద ఆలస్యంగ నాటినం. యూరియా దొరకలే. పొట్టకే రాలే."

లత మూట చేతికిచ్చింది.

"మోటబాయి కాడి పంట. అవ్వకని తెచ్చిన."

లాలి గుప్పెడు బియ్యం తీసి వాసన చూసింది. ముఖం వెలిగింది.

"అత్త ఉంటె ఎంత సంబురపడునో! పట్టాదారు మీకిచ్చేదాక ఆ పొలం మేమే చేసినం గద, తూర్పు మడిని అత్త సొంత బిడ్డ లెక్క చూసుకునేది."