మైనస్ ఐదు బ్యాగు

"మైనస్ ఐదుది పొద్దున్నే పోయిందన్నా. ఇంక ఈ రెండే ఉన్నయి" అంటూ కుమారస్వామి రెండు స్లీపింగ్ బ్యాగులు కౌంటర్ మీద పడేశాడు. ఒకదాని చీటీ మీద పది డిగ్రీలు, రెండోదాని మీద పదిహేను.

సాంబమూర్తి తల పట్టుకున్నాడు. ఆయన మణుగూరు గనిలో డంపరు నడుపుతాడు. మొదటి షిఫ్టు దిగి, ఒంటి మీది బొగ్గుదుమ్మయినా దులుపుకోకుండా బస్సెక్కి భద్రాచలం వచ్చింది ఆ మైనస్ ఐదు కోసమే. కొండలెక్కే పిల్లలకు ఇలాంటి సామాను అమ్మే కొట్టు చుట్టుపక్కల అదొక్కటే.

బయట మే నెల ఎండ. రోడ్డు మీద తారు కరిగి, మనిషి ముందుకు పోతుంటే చెప్పులు వెనకే ఉండిపోతున్నాయి. అంత ఎండలో మైనస్ ఐదు అడిగినవాణ్ణి కూడా కుమారస్వామి మర్యాదగానే చూశాడు. ఏ కొండకు పోతున్నారని అడిగాడు. సాంబమూర్తి మాట దాటేశాడు. రాత్రిళ్లు అక్కడ ఎంత ఉంటుందని అడిగితే పదహారన్నాడు. అలాగైతే పదిది చాలు, ఉండే చలికన్నా ఓ ఐదు డిగ్రీలు తక్కువది తీసుకుంటే ఢోకా లేదన్నాడు కుమారస్వామి.

"ఆ లెక్క చలిదేశపోళ్లది తమ్మీ. మాకు ఇరవైకే మంకీ క్యాపులు బయటికొస్తయి."

కుమారస్వామి ఓపిగ్గా చీటీ మీది అంకెలన్నీ చదివి వినిపించాడు. మొదటి అంకె దాకా హాయిగా నిద్రపోవచ్చట. ఆడవాళ్లకు చలెక్కువ కాబట్టి దాన్ని వాళ్లను చూసే లెక్కగడతారట.

"మా ఇంట్ల ఉల్టా. మా ఆడామెను చూస్తే ఆ కంపెనీ చీటీలన్నీ మళ్ల అచ్చేయించుకుంటది" అన్నాడు సాంబమూర్తి కసిగా. "మరి ఈ చివరి నంబరేంది?"

"దాని కాడ పానం పోదు. నిద్ర మాత్రం రాదు."

"పది రోజులసంది నా బతుకు గదే."

ఇక దాచలేక కక్కేశాడు. కొండా లేదు, గుట్టా లేదు. క్వార్టర్లో పడకగది. అందులో కొత్త ఏసీ. నాంచారమ్మ రోజూ దాన్ని పదహారు మీద పెడుతోంది. ఈయన కప్పుకున్న దుప్పటి ఈయనకన్నా ముందు వణుకుతోంది. రాత్రి ఉన్నచోట మంచం తెల్లారేసరికి ఉండటం లేదు, వణుకుడుకు జరిగి జరిగి గోడకు ఆనుకుంటోంది. నిద్ర లేక మొన్న డంపరు మీద కునుకు పడితే, రెండంతస్తుల మేడంత బండి అంచుకు మూరెడు దూరంలో ఆగింది. ఇంకొక్కసారి కన్ను మూస్తే స్టీరింగ్ తీసేసి చేతికి పార ఇస్తామన్నారు.

ఏసీ కాస్త తగ్గించమని చెప్పొచ్చు కదా అన్నాడు కుమారస్వామి.

"ఎట్ల చెప్త? మొదటి రాత్రి హాయంటే ఇదేనని తొడగొట్టింది నేనే. ముప్పై ఏండ్లు నిప్పులల్ల పనిచేసినోణ్ణి, చలిపెడుతుందని ఆమె ముంగట అంటనా?"

మే నెలలో రగ్గు అడిగినా చలి అని ఒప్పుకున్నట్టే లెక్క. బ్యాగయితే కంపెనీ బహుమానం ఇచ్చిందని చెప్పి దూరిపోవచ్చు. చివరికి పదిదే తీసుకున్నాడు. మంకీ క్యాపు కూడా అడిగాడు గానీ, ఈ ఎండల్లో అది ఎవరి దగ్గర ఉంటుంది?

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాడు. బల్ల మీద రామాలయం లడ్డు పొట్లం కనబడింది. భద్రాచలం పోతున్నానని ఈమె పొద్దున చెప్పనేలేదే అనుకున్నాడు. పడకగది తలుపు వేసి ఉంది. లోపల ఏసీ మోగుతోంది. పగటిపూట అది ఎప్పుడూ నడవదు.

తలుపు తీశాడు. చలి చెంప మీద కొట్టినట్టయింది. మంచం మీద పచ్చటి మూట. ముక్కు దాకా జిప్పు. పైన నాంచారమ్మ బొట్టు, రెండు కళ్లు. మూట పక్కన వేలాడుతున్న చీటీ మీద మైనస్ ఐదు.

ఆమె కళ్లు ఆయన చంకలోని బ్యాగు మీద పడ్డాయి. దారంతా వల్లె వేసుకుంటూ వచ్చిన మాట సాంబమూర్తి నోట్లోంచి దానంతటదే జారిపోయింది. "కంపెనీ ఇచ్చింది."

"మంచిగయింది. రాత్రికి ఇది ఆగుతదా అని ఏసీ పెట్టి చూస్తున్న. నువ్వు ఎండల మాడి వస్తవని నీకోసం పదహారు పెడుతున్న గానీ, నాతోటి అయితలేదయ్యా" అంది నాంచారమ్మ, పళ్లు టకటకలాడుతుంటే. "అది గూడ ఇటియ్యి, దీని మీద తొడుక్కుంట. నీకెట్లాగూ చలి తెల్వది గద."