అద్దంలో నాలుగో మనిషి

పొద్దున్నే హాల్లో కసరత్తు అద్దం ముందు చాపలు పరిచారు. అలాంటి అద్దం ఇప్పుడు లేని ఇల్లు లేదు. ఊళ్లో లేనివాళ్ల రూపాన్ని కూడా పాత కసరత్తుల గుర్తుతో తనే తయారుచేసి, ఇంటిల్లిపాదితో కలిపి నిలబెడుతుంది.

భాస్కరం ఇంట్లో చాపల మీద ముగ్గురు, అద్దంలో నలుగురు. ఆ నాలుగో మనిషి అతని భార్య మైథిలి. ఆమె పోయి ఏడాది కావస్తున్నా, ఆ మాట అద్దానికి చెప్పడానికి అతనికి మనసొప్పలేదు. చిన్నకూతురు నందకీ చెప్పలేదు. "ఒంట్లో బాగయ్యాక అమ్మ వస్తుంది" అని ఊరుకున్నాడు. చివరిదాకా ఆస్పత్రిలో తల్లి పక్కనే ఉన్న పెద్దకూతురు వకుళకి అంతా తెలుసు.

అద్దం ఎవరినీ ఉన్నచోట ఉండనివ్వదు. అందరి చేతా నిన్నటికన్నా కాస్త ఎక్కువ చేయిస్తుంది. మైథిలి చేత కూడా. ఆస్పత్రికి వెళ్లేముందు భుజం దాకా లేవని ఆమె చెయ్యి అద్దంలో నెమ్మదిగా చెవి దాకా వచ్చింది. ఆయాసం తగ్గింది. ఇవాళ రెండు చేతులూ తలపైన కలిపి నవ్వింది.

భాస్కరం చేతులు మధ్యలోనే ఆగిపోయాయి.

"చూశావా నాన్నా, అమ్మకి తగ్గిపోయింది," అంది నంద, ఎత్తిన చేతులు దించకుండానే. "ఇంక తలుపు గడియ పెట్టకు. వస్తే బయటే నిలబడాలి, పాపం."

అతను చేతులు దించేసి తలుపు వైపు చూశాడు.

వకుళ అద్దంలోకి చాలాసేపు చూసింది. తర్వాత వెళ్లి వీధి తలుపు గడియ తీసింది. తిరిగొచ్చి, ఇంకో చాప పట్టేంత చోటు వదిలి, తన చాప పక్కకి జరుపుకుంది.