చాప తెమ్మంటే చేప

"చూడండి సార్, మీ కళ్ళతో మీరే చూడండి!" అంటూ హెడ్మాస్టరు పాండురంగారావు ప్లాస్టిక్ టబ్బును ఎం.ఈ.ఓ. హేమంత్‌కుమార్ ముందుకు జరిపారు.

టబ్బులో పదకొండు చేపలు. బొచ్చెలు, శీలావతులు. వాటి మధ్య ఇంకా ప్రాణం పోని కొరమీను ఒకటి తోకతో టపటపా కొడుతోంది.

"నిన్న లిడియా టీచరు నాలుగో తరగతి పిల్లల్ని ఇంటికో చాప తెమ్మన్నారండి. పదహారుమంది చాపలే తెచ్చారు. ఈ పదకొండుమందీ చేపలు తెచ్చారు. వీళ్ళ బుర్రలకి ఇంతకన్నా రుజువేం కావాలండీ? మీరు సంతకం పెట్టేస్తే రేపట్నుంచి రెండో తరగతిలో కూర్చోబెట్టేస్తాను."

అని పదకొండు పేర్లున్న లిస్టు కూడా టబ్బు పక్కన పెట్టేశారు. పని ముందే తయారుగా ఉంచుకునే మనిషి ఆయన.

పక్కనే నిలబడ్డ లిడియా టీచరుకి కడుపు మండిపోయింది. తొమ్మిదేళ్ళ పిల్లల్ని తీసుకెళ్ళి చెల్లెళ్ళ పక్కన, తమ్ముళ్ళ పక్కన కూర్చోబెడితే మళ్ళీ బడి మొహం చూస్తారా? మర్నాడే చెరువుల గట్ల మీద తేలతారు.

"సార్, ఆ పదకొండుమందీ ఎక్కడ కూర్చుంటారో హెడ్మాస్టరుగారిని అడగండి" అంది.

"చివరి మూడు బెంచీల్లోనండి. మొద్దులు కదా, వెనక్కి వేశాం."

"మొద్దులై వెనక్కి వెళ్ళలేదండీ. వెనక్కి వెళ్ళి మొద్దులయ్యారు. వాళ్ళకి నా మాట వినపడదండీ. ఒక్కసారి గదిలోకి రండి."

గదిలోకి నడిచారు. ఎత్తు శ్లాబు, నున్నటి గోడలు, తళతళలాడే కొత్త టైల్స్. చూడ్డానికి పెళ్ళి హాలులా ఉంది. మాట్లాడితే మాత్రం నూతిలో కేకే. ఒక మాటంటే గోడలు నాలుగు మాటలంటాయి. దానికి తోడు కిటికీ అవతల రొయ్యల చెరువులో ఏరేటర్ల రొద.

"కొల్లేటి పిల్లలండీ. మాట సగం వినపడితే మిగతా సగం చేపతోనే పూరిస్తారు. అసలు ఆ చాపలు అడిగింది కూడా అందుకే. గోడలకి కడితే ఈ మోత చచ్చిపోతుంది" అంది లిడియా.

ఎం.ఈ.ఓ. నవ్వారు. "చాపలు కడితే తెలివి వచ్చేస్తుందా అమ్మా?"

"తెలివి ఉందండీ. మాటే అందట్లేదు. పది నిమిషాలివ్వండి, చాలు."

ఆయన వాచీ చూసుకున్నారు. ఏలూరులో మీటింగుంది. అయినా ఆమె మొహం చూసి కాదనలేకపోయారు.

"సరే. నేనే ఐదు మాటలు చెబుతాను. వెనక పిల్లలు నేను చెప్పింది చెప్పినట్టు రాస్తే ఈ లిస్టు ఇక్కడే చింపేస్తా. రాయలేదనుకోండి, సంతకం పెట్టేస్తా."

పదహారు తుంగ చాపలూ పురికొసతో కిటికీ ఊచలకీ, చార్టులు తగిలించే మేకులకీ ఎక్కాయి. ముందు బెంచీల వాళ్ళు కడుతుంటే వెనక బెంచీల వాళ్ళు చాపలు అందించారు. చేపలు తెచ్చిన సిగ్గు వాళ్ళకింకా పోలేదు పాపం.

"అందరూ కూర్చోండి" అంది లిడియా, మామూలు గొంతుతోనే.

ఆ మాట ఒక్కసారే వినిపించింది. మూడు నెలలుగా అరిచి అరిచి బొంగురుపోయిన ఆ గొంతు తనదేనా అనిపించిందామెకు. చివరి బెంచీల్లో పదకొండు తలలూ ఒక్కసారే పైకి లేచాయి. లిడియాకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. గెలిచేశాననే అనుకుంది.

"టీచరుగారు వరండాలో ఉంటే బాగుంటుందండి. సైగలూ అవీ చేశారంటారు మళ్ళీ" అన్నారు పాండురంగారావు.

లిడియా బయటికొచ్చి నిలబడింది. ఏరేటర్ల రొదలో లోపలి మాట ఒక్కటీ వినపడలేదు. ప్రార్థన చేసుకుందామంటే అదీ సగంలోనే ఆగిపోయింది. ఐదు నిమిషాలకి పిలుపొచ్చింది.

హెడ్మాస్టరు పదకొండు పలకలూ టేబులు మీద పరిచి, పక్కన నాలుగో తరగతి వాచకం తెరిచి పెట్టారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"చూశారా సార్! ఐదుకి ఐదూ తప్పులే. బోజనం, దాన్యం, మేగం, సంకం, రదం! పదకొండు పలకల మీదా ఇవే తప్పులు. ఒకళ్ళని చూసి ఒకళ్ళు దింపేశారు. చాపలు కాదు, పట్టు పరుపులు కట్టినా ఇంతేనండి!"

లిడియాకి నోటికాడి కూడు జారిపోయినట్టయింది. గోడలు నోరు మూసుకున్నాక కూడా పిల్లలు తప్పెందుకు రాశారో ఆమెకి అంతుపట్టలేదు.

ఎం.ఈ.ఓ. పెన్ను క్యాప్ తీశారు. లిస్టులో మొదటి పేరు సాయిదుర్గ. ఆయనకి ఎందుకో జాలేసింది. తలెత్తి చివరి బెంచీ వైపు చూశారు.

"ఇలా రాస్తే ఎలా అమ్మా సాయిదుర్గా? నువ్వే చెప్పు, బోజనానికి ఒత్తేదీ?"

సాయిదుర్గ లేచి నిలబడి, చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా చెప్పింది.

"చెప్పింది చెప్పినట్టే రాశామండీ. ఇప్పుడు కూడా మీరు ఒత్తు పలకలేదండీ!"