ఖాళీ పట్టీ మీద బాంబు

"ఆ రింగులు ఊడదీసెయ్," అన్నాడు అన్నయ్య.

చెల్లెలు తెర వైపే చూస్తోంది. ఎర్ర గీత మళ్లీ లేచింది. దాని పక్కన మళ్లీ అదే పేరు, నైట్రోగ్లిజరిన్. కొండలు పేల్చడానికి వాడే మందు. పరికరంలో పెట్టింది మాత్రం అప్పుడే ప్యాకెట్లోంచి తీసిన, దేన్నీ తాకని ఖాళీ గుడ్డ పట్టీ.

"ఇంకొక్కసారి చూద్దాం అన్నయ్యా."

"ఎన్నిసార్లు చూసినా ఇంతే. మధ్యాహ్నానికల్లా విమానాశ్రయం తనిఖీవాళ్లు వచ్చేస్తారు. ఖాళీ పట్టీని చూసి బాంబని అరిచే పరికరాన్ని వాళ్ల చేతిలో పెడితే, రేపు మనవణ్ణి చూడ్డానికి వెళ్లే ముసలమ్మని కూడా పట్టుకుని కూర్చోబెడతారు. నా పాత గొట్టమే బిగిద్దాం."

అన్నాచెల్లెళ్ల బతుకంతా ఆ చిన్న కార్ఖానా మీదే. ప్రయాణికుల చేతుల మీదో పెట్టెల మీదో రుద్దిన పట్టీని వేడి చేసి, వచ్చిన ఆవిరికి విద్యుదావేశం ఎక్కించి, ఆ అయాన్లను గొట్టంలో పరుగెత్తించి చివర లెక్కపెట్టే పరికరం వాళ్లది. చిక్కల్లా దారిలోనే ఉంది. చిల్లుల పైపులో నీళ్లు చివరి కుళాయిదాకా రానట్టు, అయాన్లలో చాలా భాగం గొట్టం గోడలకు అంటుకుని అక్కడే పోతాయి. చెల్లెలు గొట్టం పొడవునా సన్నటి లోహపు రింగులు తొడిగి, వాటిలో విద్యుత్తును అటూ ఇటూ మారుస్తూ, అయాన్లను గోడల దగ్గరికి పోనీయకుండా మధ్యలోకి నెట్టే క్షేత్రం తయారుచేసింది. తిండీ నిద్రా మానుకుని ఏళ్ల తరబడి చేసిన పని. ఇవాళ ఖాళీ పట్టీ ఖాళీగా కనిపించకపోతే అదంతా అటకెక్కినట్టే.

అన్నయ్య రింగుల స్విచ్చి కట్టేసి, ఇంకో పట్టీ పెట్టాడు. గీత లేదు. స్విచ్చి వేసి మరొకటి పెట్టాడు. గీత లేచి కూర్చుంది.

"చూశావా? రింగులుంటే ఉంది, లేకపోతే లేదు. లేనిదాన్ని పుట్టిస్తున్నది నీ రింగులే."

మాటకు మాట అప్పజెప్పడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. ఈసారి మాత్రం వంగి రింగులను ఒక్కొక్కటే పరీక్షగా చూసింది.

అన్నయ్య నుదుటి మీది చెమట తుడుచుకున్నాడు. ఏసీ గదిలో చెమటేమిటో ఆమెకు అర్థం కాలేదు.

"వాళ్లకి ఫోన్ చేసొస్తా. ఈలోగా విప్పెయ్," అని వరండాలోకి వెళ్లిపోయాడు.

ఆమె స్క్రూడ్రైవర్ అందుకుంది, మనసొప్పక కింద పెట్టేసింది. ప్యాకెట్లోంచి తనే ఒక పట్టీ తీసింది. అది కార్ఖానా కట్టుబాటుకు విరుద్ధం. మిగతా పట్టీలు ఎవరైనా పెట్టొచ్చు గానీ, వాటన్నిటికీ కొలబద్దలాంటి ఖాళీ పట్టీని అన్నయ్య ఇంకొకరి చేతికి వదలడు. ఆమె గబగబా తొడుగులు వేసుకుని పెట్టేసింది. రింగులు పనిచేస్తూనే ఉన్నాయి, తెర మీద గీత లేదు. ఇంకొకటి పెట్టింది. అదీ అంతే.

అప్పుడు చూసింది, అన్నయ్య ఫోను బల్ల మీదే ఉంది.

ఎవరినైనా అనుమానించగలదు గానీ, తనకు సోల్డరింగ్ కడ్డీ పట్టుకోవడం నేర్పిన మనిషిని ఎలా అనుమానించడం?

అన్నయ్య తిరిగొచ్చాడు.

"మాట్లాడావా?"

"ఆ. దారిలో ఉన్నారట. ఇంకా విప్పలేదేం?"

"విప్పుతాను. చివరిగా ఒక్క ఖాళీ పట్టీ పెట్టు."

ఆయన విసుక్కుంటూ ఉత్త వేళ్లతోనే కొత్త తొడుగులు లాగి తొడుక్కుని పట్టీ పెట్టాడు. గీత ఇందాకటికంటే ఎత్తుగా లేచింది.

"నేను పెడితే లేదు, నువ్వు పెడితే ఉంది," అంది ఆమె మెల్లగా. "తొడుగులు తియ్. చెయ్యివ్వు."

"పిచ్చిపిచ్చిగా మాట్లాడకు."

"చెయ్యివ్వమన్నానా?"

ఆయన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. ఆమె వెళ్లి లాక్కుంది, తొడుగు ఊడబెరికి, వేళ్లమీద పట్టీ రుద్ది పరికరంలో పెట్టింది. గీత తెర అంచు దాటిపోయింది. హెచ్చరిక గంట గదంతా మోగింది.

ఆమె గంట ఆపేసి అన్నయ్య వైపు తిరిగింది.

"నీ గొట్టంకన్నా నాది బాగా పనిచేస్తుందని ఓర్చుకోలేకపోయావా? పరాయివాడు చేశాడంటే సరే అనుకునేదాన్ని. సొంత అన్నవి, చేతులకి మందు పూసుకొచ్చి నా నోట్లో మట్టి కొడతావా?"

ఆయన స్టూలు లాక్కుని నెమ్మదిగా కూర్చున్నాడు. బయట కారు ఆగిన చప్పుడైంది.

"వచ్చేశారు," అంది కళ్లు తుడుచుకుంటూ. "వాళ్లకేం చెప్పమంటావ్?"

"నీ రింగులు అబద్ధం చెప్పవని చెప్పు. ఇన్నాళ్లూ నేనీ గదిలోనే తిరుగుతున్నా నా గొట్టం పసిగట్టలేకపోయింది. నీది పట్టేసుకుంది. అందుకే తీసెయ్యమన్నాను."

"దేన్ని పసిగట్టింది? నీ చేతికి ఆ మందెలా వచ్చింది?"

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తోంది. అన్నయ్య తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మతో అనకు," అన్నాడు. "గుండెనొప్పికి డాక్టరిచ్చిన మాత్ర, ఇందాక వరండాలో వేసుకున్నాను. అందులో ఉండేదీ ఇదే."