సుత్తి వద్దన్న మనిషి

"సుత్తి వద్దు, పోలారావు గారూ. చప్పుడు కాకుండా తియ్యాలి."

పోలారావు సంచిలో పెట్టిన చేతిని ఖాళీగానే వెనక్కి తీసుకున్నాడు. జీడితోట మధ్యలో, ఓ చెట్టుకు ఆనించి పాత మోటారు సైకిలు ఉంది. వెనక చక్రం పక్కన ఇనప డబ్బా, దానికి తాళం. మధ్యాహ్నం రెండు దాటింది, చుట్టుపక్కల మనిషి అలికిడి లేదు.

పలాసలో పోలారావుది తాళాల దుకాణం. ఉద్దానం ఉప్పుగాలికి బళ్ళ సైడు డబ్బాలు తుప్పుపట్టి మొరాయిస్తే జనం అతని దగ్గరికే వస్తారు. గంట క్రితం ఈ మనిషీ అలాగే వచ్చాడు. మందస రోడ్డులో బండి ఆగిపోయిందని, డబ్బా తాళంచెవి పోయిందని చెప్పి స్కూటరెక్కించుకున్నాడు. రోడ్డు దాటి, తోటలోకి ఇంత దూరం తీసుకొస్తాడని మాత్రం చెప్పలేదు.

అన్నలూ పోలీసులూ ఒకరి కోసం ఒకరు తోటలు గాలిస్తున్న రోజులవి. ఇద్దరి మధ్యా పడి నలిగేది ఎవరో అందరికీ తెలుసు. పోలారావుకి మరీ బాగా తెలుసు. ఈ మనిషి ఎవరన్నది అతను స్కూటరు మీదే తేల్చేసుకున్నాడు. పోలీసులైతే "ఒరే పోలిగా" అంటారు. పదిహేనేళ్ళుగా అదే పిలుపు. ఇతనేమో "గారూ" అంటున్నాడు, దారిలో దిగి సోడా కూడా తాగించాడు. తాళాలు బాగుచేసుకునేవాడికి ఇంత మర్యాద చేసేవాళ్ళు ఈ చుట్టుపక్కల అన్నలు తప్ప ఇంకెవరున్నారు?

"బాబూ, బండిని దుకాణానికి తోసుకెల్తే అయిపోద్ది గదా. ఆడ సామానంతా ఉంది," అన్నాడు, ఎలాగైనా ఊళ్ళో పడాలని.

"బండి కదపకూడదండి."

"పోనీ ఓ పాలి మెల్లగా తట్టితే? లోపల పిన్ను తుప్పుకి పట్టీసింది. తట్టితే సాలు, ఊడొచ్చెత్తాది."

"తట్టొద్దని చెప్తున్నా కదా!" ఆ మనిషి గొంతు పెరిగింది. వెంటనే తగ్గించుకుని, "కొంచెం జాగ్రత్తగా తియ్యండి, అంతే," అన్నాడు.

తుపాకులే, అనుకున్నాడు పోలారావు. లేకపోతే ఎవరో కాంట్రాక్టరు దగ్గర లాక్కున్న డబ్బు. డబ్బాలో ఏముందో చూశాక తనని ప్రాణాలతో పోనిస్తారా? పోనిచ్చినా, సంగతి తెలిస్తే పోలీసులు ఊరుకుంటారా?

"ఇంటి దగ్గర ఎవరెవరున్నారు?" అడిగాడా మనిషి.

"మా తవిటమ్మ, బాబూ. ఇద్దరాడపిల్లలు."

"పెళ్ళిళ్ళు అయ్యాయా?"

"నేదు బాబూ. సిన్నోల్లు. సదువుతన్నారు."

ఆ మనిషి చెప్పుకాలితో ఎండుటాకులు కెలికాడు. పోలారావు ఇంట్లో ఎవరున్నారో చెప్పేశాడు. ఇక నోరు జారితే ఎక్కడికి రావాలో వీళ్ళకు తెలుసు.

"నేను ఆ గట్టు అవతల ఉంటాను. తెరిచాక కేకెయ్యండి," అని ఆ మనిషి గబగబా వెళ్ళిపోయాడు. గట్టు యాభై గజాల పైనే ఉంటుంది. కాపలా కాస్తాడు కాబోలు.

పరిగెడదామా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఎక్కడికని? ఇంటికే కదా. పోలారావు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

తాళంలో నాలుగు చుక్కలు కిరసనాయిలు పోశాడు. సన్న తీగ దూర్చాడు. సుత్తి లేకుండా ఈ తాళం తియ్యాలంటే ఒకటే పద్ధతి. మూతని గుండెతో అదిమి పట్టాలి, చెవి డబ్బాకి ఆనించాలి, లోపల పిన్ను కదిలే చప్పుడు వినాలి. అలాగే డబ్బాని వాటేసుకున్నాడు. పిన్ను చప్పుడు కన్నా తన గుండె చప్పుడే గట్టిగా వినపడుతోంది. తీగ రెండుసార్లు జారిపోయింది. తల్లీ, ఈ పూట ఇంటికి చేర్చు, ఇంకెప్పుడూ ఊరు దాటి పనికి రాను, అని మొక్కుకున్నాడు.

మూడోసారి లోపల ఏదో కదిలింది. టక్కుమంది.

కళ్ళు మూసుకునే మూత ఎత్తాడు. ముందు వాసన తగిలింది. కళ్ళు తెరిచి చూస్తే ఓ సంచినిండా ఎండు నెత్తళ్ళు. పక్కన కాగితంలో చుట్టిన చంటిపిల్ల గౌను, గ్రైపు వాటరు సీసా.

పోలారావుకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇది అన్నల సామాను కాదు, ఎవరో కొత్తగా తండ్రయినవాడి సామాను!

"బాబూ! ఒచ్చీసింది! ఎండుసేపలు బాబూ, ఎండుసేపలు!"

గట్టు అవతల నుంచి తల కనపడలేదు. గొంతు మాత్రం వినపడింది. "అన్నీ తీసి కింద పెట్టండి. అడుగున కూడా చెయ్యి పెట్టి చూడండి!"

సంచి తీశాడు. గౌను, సీసా తీశాడు. అడుగంతా తడిమాడు. "ఇంకేటీ నేదు బాబూ!"

అప్పుడు లేచాడా మనిషి. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయింది. పోలారావు వైపు ఓసారి చూసి, చూపు నిలపలేక, వెనక్కి తిరిగి రోడ్డు వైపు చెయ్యి ఊపుతూ కేకేశాడు.

"బాంబు లేదు, వచ్చెయ్యండి ఎస్సై గారూ!"