గాజుకు అంటని కణాలు

బొంబాయి మెయిలు ఆదోనిలో ఆగేది కొద్ది నిమిషాలే.

ఆలోపే ఐసుపెట్టె దించుకుని, ఆపైన నెత్తిన పెట్టుకుని నడిచి, ఆసుపత్రి వెనకగదిలో డాక్టరు గిరిజకు చేర్చేవాడు స్టేషను కూలి మాదన్న.

పెట్టెలో చిన్న సీసాలు. బొంబాయి ప్రయోగశాలలో పెంచిన పేగు క్యాన్సరు కణాల నుంచి తీసిన సారం.

దాన్ని రక్తంలోని తెల్లకణాలతో కలిపితే, ఆరోగ్యవంతుడివి గాజుకు అంటుకుంటాయి. రోగివి అంటుకోవు.

రోగం బయటపడకముందే రక్తంలో పట్టుకోవచ్చని గిరిజ ఆశ.

కొత్తగా వచ్చిన సారాన్ని ముందు ఆరోగ్యవంతుడి రక్తంతో సరిచూడాలి. ఆ రోజు ఎవరూ చేయి చాపలేదు.

"నాది తీసుకోమ్మా. పత్తి బేళ్లు మోసే ఒళ్లు, దీనికేమయితాది?" అన్నాడు మాదన్న.

అతని కణాలు గాజుకు అంటలేదు.

గిరిజ మూడుసార్లు చేసి చూసింది. మూడుసార్లూ అంతే.

దారిలో ఐసు కరిగి సారం పాడైందనుకుంది. టీ తాగడానికి పెట్టెను ఎండలో దించావా అని అడిగింది.

"యాడా దించలేదమ్మా. నెత్తిమీదనే తెచ్చినాను."

ఆమె నమ్మలేదు. సీసాలన్నీ పారబోసింది. పుస్తకంలో ఆరోగ్యవంతుల వరుసలోంచి అతని పేరు కొట్టేసి, పెట్టె తేవడానికి వేరే మనిషిని పెట్టుకుంది.

కొత్త పెట్టెలు వచ్చాక, వేరేవాళ్ల రక్తంతో పరీక్ష సరిగ్గానే వచ్చింది. తప్పు మాదన్నదేనని ఆమెకు రూఢి అయింది.

కొన్నాళ్లకు అతను స్టేషనులోనూ కనిపించడం మానేశాడు.

ఏడాదిన్నర తరువాత, రోగుల రక్తం కోసం గిరిజ ఎమ్మిగనూరు ఆసుపత్రికి వెళ్లింది.

పొద్దున్నే ఒకతను పోయాడని అక్కడి డాక్టరు చెప్పాడు. పేగు క్యాన్సరట. రెండేళ్లుగా లోపల పెరిగి ఉంటుందట. మొదట్లోనే తెలిసి ఉంటే కోసి తీసేసేవాళ్లమని నిట్టూర్చాడు.

వరండాలో శవం పక్కన కూర్చున్న అతని భార్య హులిగెమ్మ, ఏ ఊరమ్మా అని గిరిజను అడిగింది. ఆదోని అంది గిరిజ.

"మా ఇంటాయన ఆడనే స్టేషన్లో కూలి. మందుపెట్టె ఎండలో పెట్టినాడని ఒగ డాక్టరమ్మ అనిందంట. నేను యాడా దించలేదు హులిగీ అని నిన్నటిదాకా సెప్తానే ఉన్యాడు."

గిరిజ వంగి, దుప్పటి తొలగించి ముఖం చూసింది.

ఇన్నేళ్లలో ఆమె పరీక్ష ముందుగా పట్టుకున్న ఒకే ఒక్క రోగి అతను.